గ్రాఫిక్స్ కార్డు వోల్టేజీ: పెంచడం కన్నా తగ్గించడమే తెలివి

కొత్తగా గ్రాఫిక్స్ కార్డు కొన్న కుర్రాళ్లు నాలుగు నెలలు తిరిగేసరికి అడిగే ప్రశ్న ఒకటుంది: "దీనికి ఎంత వోల్టేజీ దాకా ఇవ్వొచ్చు?" ఆట తెరమీద ఇంకాస్త సాఫీగా సాగాలని ఒకరి ఆశ. వీడియో ఎడిటింగు త్వరగా తెమలాలని ఇంకొకరి తొందర. కాలేజీ ప్రాజెక్టు కోసం కృత్రిమ మేధ నమూనాకు తెల్లారేలోగా శిక్షణ పూర్తవాలని మరొకరి ఆరాటం. కంపెనీ పెట్టిన వేగాన్ని మించి చిప్పును పరిగెత్తించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటున్నాం. ఒక హద్దు దాటాక చిప్పు తడబడుతుంది, కంప్యూటర్ ఆగిపోతుంది. వోల్టేజీ కాస్త పెంచితే మళ్లీ నిలదొక్కుకుంటుంది. కాబట్టి ఆ ప్రశ్న పుట్టడం సహజమే.

అయితే మన ఎండలకు, మన గదులకు, మన జేబులకు సరిపడే ప్రశ్న మరొకటి ఉంది: "ఇప్పుడున్న వేగానికి ఎంత తక్కువ వోల్టేజీ సరిపోతుంది?" మొదటి ప్రశ్న వెంట పడినవాళ్లకు దక్కే లాభం కొంచెం, నష్టభయం ఎక్కువ. రెండో ప్రశ్న వేసుకున్నవాళ్లకు చల్లని కార్డు, తక్కువ కరెంటు బిల్లు, ఎక్కువ ఆయుష్షు దక్కుతాయి. సొంత డబ్బుతో కొన్న వస్తువును ఎవరూ ముట్టుకోకూడదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ముట్టుకునే ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకుందామనే ఈ మాటలు.

వేగానికీ వోల్టేజీకీ ఉన్న ముడి

గ్రాఫిక్స్ చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లుంటాయి. ఒక్కో ట్రాన్సిస్టర్ ఒక బుల్లి స్విచ్చు. అది తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా దాని ద్వారం దగ్గర కొంత విద్యుదావేశం నిండాలి, లేదా ఖాళీ కావాలి. చిప్పు 2000 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తోందంటే ఒక్కో క్లాక్ చప్పుడుకీ మధ్య ఉన్న వ్యవధి సెకనులో 200 కోట్లవ వంతు, అంటే అర నానోసెకను. ఆ కొద్ది సమయంలోనే సంకేతం డజన్ల కొద్దీ స్విచ్చులు దాటి గమ్యం చేరాలి. ఆలస్యమైతే చిప్పు తప్పు సమాధానాన్ని పట్టుకుని ముందుకెళ్తుంది.

ట్యాంకులో నీటిమట్టం ఎత్తుగా ఉంటే కుళాయి కింద బిందె త్వరగా నిండుతుంది. అలాగే వోల్టేజీ ఎక్కువైతే ట్రాన్సిస్టర్ ద్వారం త్వరగా నిండుతుంది, స్విచ్చు త్వరగా పడుతుంది. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లు వోల్టేజీ వైపు చూసేది ఇందుకే.

ఇప్పటి కార్డులు ఈ పనిని చాలావరకు తమంతట తామే చేసుకుంటున్నాయి. ఎన్విడియా 2012లో జీటీఎక్స్ 680 కార్డుతో తెచ్చిన జీపీయూ బూస్ట్ పద్ధతిలో, చిప్పు తన ఉష్ణోగ్రతను, వాడుతున్న విద్యుత్తును చూసుకుంటూ వేగాన్ని, వోల్టేజీని క్షణక్షణం మార్చుకుంటుంది. ఏ వేగానికి ఎంత వోల్టేజీ కావాలో చెప్పే ఒక వక్రరేఖ దాని దగ్గర ఉంటుంది. ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్లలో మనం మార్చేది ఆ రేఖనే. పాత రోజుల్లో కంపెనీ వదిలేసిన వేగాన్ని మనం పిండుకునేవాళ్లం. ఇప్పుడు దాన్ని కంపెనీయే ముందుగా పిండేసి పెట్టెలో పెట్టి అమ్ముతోంది. కాబట్టి పైకి నెట్టడానికి మిగిలిన చోటు చాలా తక్కువ.

వర్గం చేసే లెక్క

చిప్పు స్విచ్చింగ్‌లో ఖర్చయ్యే విద్యుత్తు మూడింటి మీద ఆధారపడుతుంది: కెపాసిటెన్స్, క్లాక్ వేగం, వోల్టేజీ వర్గం. ఈ సూత్రంలో అసలు కీలకం ఆ వర్గంలోనే ఉంది. వేగం 10 శాతం పెంచితే ఖర్చు 10 శాతమే పెరుగుతుంది. వోల్టేజీ 10 శాతం పెంచితే ఖర్చు 21 శాతం పెరుగుతుంది. రెండూ కలిపి పెంచితే 33 శాతం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చిప్పు 1.05 వోల్టుల దగ్గర 2000 మెగాహెర్ట్జ్‌తో నడుస్తోందనుకోండి. దాన్ని 1.10 వోల్టులకు పెంచి 2050కి తీసుకెళ్లాం. వేగం పెరిగింది రెండున్నర శాతం. స్విచ్చింగ్ ఖర్చు పెరిగింది పన్నెండున్నర శాతం. ఆటలో సెకనుకు 60 ఫ్రేములు వచ్చేచోట మహా అయితే 61న్నర వస్తాయి. ఆ తేడాను కంటితో పోల్చుకోవడం కష్టం. చెవితో మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే ఫ్యాన్ల రొద పెరుగుతుంది.

ఇప్పుడు అదే చిప్పును 0.90 వోల్టులకు దించి, వేగాన్ని 1900 దగ్గర ఉంచామనుకోండి. వేగం తగ్గింది 5 శాతం. స్విచ్చింగ్ ఖర్చు తగ్గింది దాదాపు 30 శాతం. వక్రరేఖ పైఅంచున ఒక్కో మెగాహెర్ట్జ్‌కు మనం చెల్లించే ధర ఎంత ఎక్కువో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఏ చిప్పు ఎంత దిగుతుందన్నది ఆ చిప్పును బట్టి ఉంటుంది. అందరికీ 0.90 వోల్టులు కుదరకపోవచ్చు. దిశ మాత్రం అందరికీ ఒకటే.

వోల్టేజీ తగ్గించుకుంటూ రావడమే చిప్పుల చరిత్రలో పెద్ద విజయం. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, అదే వైశాల్యంలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పెట్టినా వేడి పెరగదని ఐబీఎం శాస్త్రవేత్త రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లో చూపించారు. అయిదు వోల్టులతో నడిచిన చిప్పులు ఒక వోల్టు చుట్టుపక్కలకు దిగింది ఆ దారిలోనే. 2005 తర్వాత ఆ దారి దాదాపు మూసుకుపోయింది. వోల్టేజీ ఇంకా తగ్గిస్తే స్విచ్చు కట్టేసినా కరెంటు కారిపోయే సమస్య ముదిరింది. అందుకే ఇప్పుడు వేగం పెంచాలంటే వేడిని భరించక తప్పడం లేదు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1080కి కంపెనీ చెప్పిన విద్యుత్ వినియోగం 180 వాట్లు. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090కి 450 వాట్లు. 2025 నాటి 5090కి 575 వాట్లు. ఇంత తినే యంత్రానికి ఇంకాస్త వడ్డించాలా అన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

చిప్పు లోపలి అరుగుదల

"పెంచాను, ఏమీ కాలేదు" అనేవాళ్లు చాలామంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వోల్టేజీ చేసే హాని చాలాసార్లు అప్పటికప్పుడు కనబడదు.

చిప్పులోని లోహపు తీగలు మన వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నం. వాటిలో కరెంటు సాంద్రత పెరిగితే ఎలక్ట్రాన్ల తాకిడికి లోహపు అణువులు మెల్లగా చోటు కదులుతాయి. ఏటి ప్రవాహానికి ఇసుక కదిలినట్టే ఇదీ. ఒకచోట తీగ సన్నబడుతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. కరెంటు సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ తీగ ఆయుష్షు ఎలా తగ్గుతుందో లెక్కగట్టే సూత్రాన్ని మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లో ప్రచురించారు. చిప్పుల తయారీదారులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. తీగల సంగతి ఇది. ట్రాన్సిస్టర్ ద్వారం కింద ఉండే పలుచటి బంధక పొర మీద కూడా వోల్టేజీ ఒత్తిడి పడుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి పొరలో లోపాలు పేరుకుంటాయి. నిన్నటిదాకా 1.05 వోల్టులతో నిలకడగా ఉన్న చిప్పు, ఇవాళ అదే వేగానికి 1.08 అడుగుతుంది. అది చూసి మనం మళ్లీ పెంచుతాం. అరుగుదల ఇంకా వేగం పుంజుకుంటుంది.

ఇది ఔత్సాహికుల ఊహాగానం కాదని చూపిన ఘటనలు ఈమధ్యే రెండు జరిగాయి. రెండూ సీపీయూలవే అయినా, సిలికాన్ ధర్మం రెండుచోట్లా ఒకటే. 2023లో ఏఎమ్‌డీ రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని మదర్‌బోర్డుల మీద కాలిపోయాయి. చిప్పులోని ఒక భాగానికి వెళ్లే వోల్టేజీని 1.3 దాటకుండా కట్టడి చేస్తూ కంపెనీ సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలామందికి కంప్యూటర్లు ఆగిపోవడం మొదలైంది. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ కోరడం వల్ల లోపలి క్లాక్ సర్క్యూటు త్వరగా అరిగి, పనిచేయడానికి కావలసిన కనీస వోల్టేజీయే పెరిగిపోతోందని కంపెనీ తేల్చింది. దిద్దుబాటు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే అరిగిన చిప్పును ఆ దిద్దుబాటు బాగుచేయలేదు. ప్రయోగశాలలున్న కంపెనీల లెక్కే తప్పినప్పుడు, తెరమీద ఒక మీటను కుడివైపు జరిపే మన లెక్కకు ఎంత భరోసా ఉంటుంది?

చిప్పుతోనే కథ ముగియదు

గ్రాఫిక్స్ కార్డులో చిప్పు ఒక్కటే ఉండదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులను చిప్పుకు కావలసిన ఒక వోల్టు దగ్గరికి దించే సర్క్యూటు కార్డు మీదే ఉంటుంది. ఒక వోల్టు దగ్గర 250 వాట్లు అందాలంటే 250 ఆంపియర్లు ప్రవహించాలి. ఇంట్లో గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గు సామర్థ్యం 16 ఆంపియర్లేనని గుర్తుచేసుకుంటే, అరచేతిలో పట్టే ఆ చోట ఎంత ప్రవాహం ఉందో అర్థమవుతుంది. నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కరెంటు 20 శాతం పెరిగితే ఆ వేడి 44 శాతం పెరుగుతుంది. చిప్పు మీద పెద్ద హీట్‌సింక్ ఉంటుంది. ఈ సర్క్యూటు మీద, పక్కనున్న మెమరీ చిప్పుల మీద చాలా కార్డుల్లో పలుచటి మెత్తలే ఉంటాయి. తెరమీద చిప్పు 70 డిగ్రీలు చూపిస్తుంటే మనం సంతోషిస్తాం. అదే సమయంలో మరో మూల ఇంకేదో వంద దాటుతుండవచ్చు.

కనెక్టర్లూ అంతే. కొత్త పద్ధతి పవర్ కనెక్టరు 600 వాట్ల దాకా మోయగలదు. 12 వోల్టుల దగ్గర అది 50 ఆంపియర్లు. ఆరు పిన్నులు పంచుకుంటే ఒక్కోదానికి ఎనిమిదికి పైనే. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొత్తల్లో కొందరి దగ్గర ఈ కనెక్టర్లు కరిగిపోయాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడమే కారణమని ఎన్విడియా చెప్పింది. తర్వాత కనెక్టరు నమూనానే సవరించారు. ఏ మార్పూ చేయని కార్డుల్లోనే అంచు అంత దగ్గరగా ఉంటే, వాటేజీ పరిమితిని దాటించిన కార్డుల్లో ఆ అంచు ఇంకెంత దూరం?

సాఫ్ట్‌వేర్ మీట ఎంత జరిపినా ఇటీవలి ఎన్విడియా కార్డుల్లో వోల్టేజీ 1.1 చుట్టుపక్కలే ఆగిపోతుంది. కంపెనీ కట్టిన గోడ అది. ఆ గోడ దూకడానికి కొందరు టంకం కడ్డీ పట్టుకుంటారు. కార్డు తాను ఎంత కరెంటు వాడుతోందో కొన్ని మిల్లీఓమ్‌ల చిన్న రెసిస్టర్ సాయంతో కొలుచుకుంటుంది. దాని మీద అంతే విలువ ఉన్న మరో రెసిస్టర్ అతికిస్తే మొత్తం నిరోధం సగమవుతుంది, కార్డుకు కొలత కూడా సగమే కనబడుతుంది. 300 వాట్లు తింటూ 150 తింటున్నాననుకుంటుంది. పాత కార్డుల్లో ఇంకా చవకైన ఉపాయం ఉండేది. వోల్టేజీని సరిచూసే రెసిస్టర్ మీద పెన్సిల్‌తో గీయడం. పెన్సిల్‌లోని గ్రాఫైట్ విద్యుద్వాహకం కాబట్టి అక్కడి నిరోధం తగ్గుతుంది. వోల్టేజీ పడిపోయిందని భ్రమపడి కంట్రోలర్ దాన్ని పెంచుతుంది. రెండు ఉపాయాలూ చేసే పని ఒకటే: కాపలాదారు కళ్లకు గంతలు కట్టడం. పైగా గ్రాఫైట్ పొర రాలిపోతే నిరోధం ఎటు మారుతుందో, వోల్టేజీ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఇందులో నేర్చుకోవలసింది చాలా ఉందన్నది నిజమే. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోస్తూ ప్రపంచ రికార్డుల కోసం పోటీపడేవాళ్లు విద్యుత్తును, ఉష్ణాన్ని లోతుగా తెలిసినవాళ్లు. వాళ్లకు ఆ కార్డు కొన్ని నిమిషాలు బతికితే చాలు. మనకు నాలుగైదేళ్లు బతకాలి. వాళ్ల సెట్టింగులను వీడియోల్లో చూసి మన బల్లమీది కార్డుకు పెట్టడం, పందెపు గుర్రానికిచ్చే మందు బండి ఎద్దుకు పట్టించడమే.

నలభై డిగ్రీల గదిలో

కార్డుల పరీక్షలు ఎక్కువగా 20, 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. ఏసీ లేని మన ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఆ పరిస్థితి ఉండదు. రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 డిగ్రీలున్న రోజున గదిలో 40 ఉండటం వింతేమీ కాదు. గాలితో చల్లబడే కార్డు ఉష్ణోగ్రత రెండు భాగాలు: గది ఉష్ణోగ్రత, దాని మీద కార్డు వాడే వాట్లను బట్టి పెరిగేది. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలబడే కార్డు, అదే పని 40 డిగ్రీల గదిలో చేస్తే 90కి చేరుతుంది. అక్కడికి చేరేలోపే చాలా కార్డులు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. వోల్టేజీ పెంచి సంపాదించిన 50 మెగాహెర్ట్జ్‌లూ ఎండ ఎత్తుకుపోతుంది. ఇంకా కొంత అసలు కూడా పోతుంది.

ఇప్పుడు తగ్గింపు లెక్క చూద్దాం. ఆ కార్డు మొత్తం 300 వాట్లు తింటోందనీ, అందులో చిప్పు వాటా 220 అనీ అనుకుందాం. మెమరీకి, ఫ్యాన్లకు వెళ్లేది తగ్గదు కాబట్టి చిప్పు వాటాలోనే 30 శాతం తగ్గిద్దాం. ఆదా 66 వాట్లు, అంటే మొత్తం మీద 22 శాతం. గదిమీద పెరిగే 50 డిగ్రీలు 39కి దిగుతాయి. 40 డిగ్రీల గదిలో కార్డు 90 బదులు 79 దగ్గర ఉంటుంది. వేగం తగ్గించుకోవలసిన అవసరమే రాకపోవచ్చు. కాగితం మీద 5 శాతం నెమ్మదైన కార్డు, మే నెలలో అసలు సెట్టింగుతో ఉన్న కార్డు కన్నా వేగంగా నడిచినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కార్డు తినే ప్రతి వాటూ చివరికి గదిలోకి వేడిగానే వస్తుంది. కార్డు, ప్రాసెసర్ కలిసి 600 వాట్లు వాడుతుంటే, ఒక టన్ను ఏసీ తోడగలిగే వేడిలో ఆరో వంతు వాటికే సరిపోతుంది. రోజుకు ఆరు గంటలు వాడేవారికి 66 వాట్ల ఆదా అంటే నెలకు దాదాపు 12 యూనిట్లు. ఏసీ మీద తగ్గే భారం దీనికి అదనం.

లాభనష్టాలు బేరీజు వేసుకునేవాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ఈథీరియం 2022 సెప్టెంబరు 15న తన పద్ధతి మార్చుకునేదాకా లక్షల గ్రాఫిక్స్ కార్డులు ఆ క్రిప్టో మైనింగులో రాత్రింబవళ్లు నడిచాయి. ఆ మైనర్లలో అనుభవం ఉన్నవాళ్లు చిప్పు వోల్టేజీని తగ్గించే నడిపారు. కరెంటు బిల్లు వాళ్ల లాభాన్ని తినేది కాబట్టి. ప్రతి వాటుకూ లెక్క చెప్పుకోవలసినవాడు ఏ వైపు వెళ్లాడో చూస్తే మనకూ దారి తెలుస్తుంది.

మరి కంపెనీయే ఎందుకు తగ్గించలేదు?

ఇది న్యాయమైన ప్రశ్న. ఒకే పలకమీద తయారైన చిప్పులు కూడా అచ్చుగుద్దినట్టు ఉండవు. కొన్నిటికి తక్కువ వోల్టేజీ చాలు, కొన్నిటికి ఎక్కువ కావాలి. నాసిగా వచ్చిన చిప్పు కూడా, వేడిలో కూడా, కొన్నేళ్ల అరుగుదల తర్వాత కూడా నిలబడేలా కంపెనీ కొంత మార్జిన్ కలిపి వోల్టేజీ పెడుతుంది. మంచి చిప్పు దొరికినవాళ్లకు ఆ మార్జిన్‌లో కొంత అనవసరం. మనం తగ్గించేటప్పుడు వాడుకునేది దాన్నే. సమీక్షల్లో ఒకటి రెండు శాతం ముందుండాలన్న పోటీ కూడా కంపెనీలను వక్రరేఖ పైఅంచుకు నెడుతుందని నా అనుమానం.

ఆ మార్జిన్ ఊరికే పెట్టింది కాదు కనుక, తగ్గించడానికీ హద్దుంది. వోల్టేజీ తక్కువైతే చిప్పు కాలదు, కానీ తప్పు లెక్క చెప్పవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్ల వోల్టేజీని కావాలని తగ్గించి లోపలి లెక్కల్లో తప్పులు పుట్టించవచ్చని, వాటితో రహస్య సమాచారాన్ని బయటికి లాగవచ్చని 2019లో పరిశోధకులు చూపించారు. ప్లండర్‌వోల్ట్ అని పేరుపడిన దాడి అది. మనకు దాడి భయం లేకపోయినా తప్పు లెక్క భయం ఉంది. ఆటలో ఒక చుక్క రంగు మారితే ఎవరికీ నష్టం లేదు. ప్రాజెక్టులో ఒక సంఖ్య తారుమారైతే ఫలితమే మారిపోతుంది.

అందులోనూ ఇళ్లలోని కార్డులు మనం అనుకున్నంత నమ్మకమైనవి కావు. ఫోల్డింగ్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో పాల్గొన్న 20 వేలకు పైగా కంప్యూటర్లలో గ్రాఫిక్స్ మెమరీని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇమ్రాన్ హక్, విజయ్ పాండే పరీక్షించారు. 2010లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో మూడింట రెండు వంతుల కార్డుల్లో ఏదో ఒక మేరకు మెమరీ పొరపాట్లు బయటపడ్డాయి. ఓవర్‌క్లాకింగ్ ప్రభావాన్ని పక్కనపెట్టి చూసినా అవి పోలేదు. ఆనాటి కార్డుల తరం వేరు. అయినా పాఠం నిలుస్తుంది: కంప్యూటర్ ఆగిపోలేదు కాబట్టి అంతా సరిగానే ఉందనుకోకూడదు.

చేసేవాళ్లకు నాలుగు మాటలు

ముందు కొలవండి, తర్వాత ముట్టుకోండి. ఏ మార్పూ చేయకుండా అరగంట పాటు బరువైన పని ఇచ్చి వేగం, వోల్టేజీ, వాట్లు, ఉష్ణోగ్రత రాసుకోండి. మెమరీ ఉష్ణోగ్రత చూపించే కార్డయితే అదీ రాసుకోండి. దుమ్ము పట్టిన ఫ్యాను తుడిస్తే, క్యాబినెట్‌ను గోడకు జానెడు దూరం జరిపితే చాలామందికి సగం సమస్య అక్కడే తీరుతుంది.

కొత్తవాళ్లకు అన్నిటికన్నా భద్రమైనది పవర్ లిమిట్ తగ్గించడం. 100 శాతం ఉన్నదాన్ని 80కి తెస్తే కార్డే తన రేఖమీద కిందికి దిగి సర్దుకుంటుంది. వోల్టేజీ, వేగాల జతలు కంపెనీ పెట్టినవే కాబట్టి తప్పు లెక్కల బెడద కొత్తగా రాదు. ఇంకాస్త ముందుకు వెళ్లేవాళ్లు వక్రరేఖను 25 మిల్లీవోల్టుల చొప్పున దించుతూ ప్రతి మెట్టు దగ్గరా గంటసేపు పరీక్షించాలి. ఏఎమ్‌డీ కార్డులవారికి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఆటోమేటిక్‌గా వోల్టేజీ తగ్గించే ఎంపిక ఉంది. తడబాటు కనబడిన మెట్టు దగ్గర ఆగిపోకుండా ఒకటి రెండు మెట్లు వెనక్కి రావాలి. ఆ వెనకడుగే రేపటి అరుగుదలకు మనం ఉంచే మార్జిన్.

జనవరిలో కుదిరిన సెట్టింగు మేలో కుదరకపోవచ్చు, కాబట్టి ఎండల్లో మళ్లీ పరీక్షించండి. డ్రైవర్ మారినా, కొత్త రకం పని మొదలుపెట్టినా మళ్లీ చూడండి. కంప్యూటర్ ఆన్ కాగానే సెట్టింగు దానంతటదే అమలయ్యే ఎంపికను రెండు వారాలు నమ్మకం కుదిరాకే పెట్టండి. లెక్కల పనికి వాడేవాళ్లు, ఫలితం ముందే తెలిసిన ఒక పనిని పాత సెట్టింగుతో, కొత్త సెట్టింగుతో చేయించి రెండూ సరిపోలాయో లేదో చూసుకోవాలి.

ఇక వోల్టేజీ పెంచి తీరాలన్న కోరిక ఆగనివాళ్లు, పోయినా బాధపడని పాత కార్డు మీద చేయండి. ఇంట్లో ఉన్న ఒక్క కార్డు మీద, అందులోనూ అమ్మానాన్నలు వాయిదాల్లో కొనిచ్చిన దానిమీద చేయకండి. టంకం పెట్టి మార్చిన కార్డుకు వారంటీ ఆశించలేం. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీయగల విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

కంపెనీలు, కాలేజీలు చేయవలసింది

భారమంతా వాడేవాడి మీద వేయడం సరికాదు. ఏ వేగానికి ఏ వోల్టేజీ పెట్టారో, ఎంత దాకా భద్రమో కంపెనీలు పెట్టె మీద కాకపోయినా తమ పత్రాల్లో స్పష్టంగా చెప్పాలి. 5 శాతం వేగం వదులుకుని వాట్లలో పెద్ద ఆదా ఇచ్చే పొదుపు సెట్టింగును ఒక్క మీటతో అందుబాటులో పెట్టాలి. దానివల్ల వారంటీకి ఇబ్బంది ఉండదని రాసివ్వాలి. మన దేశంలో కార్డులను సమీక్షించేవారు ఒక పరీక్షైనా 40 డిగ్రీల గదిలో చేయాలి. ఏసీ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టే మనం, దానికి ఎదురుపోటీగా గదిని వేడెక్కించే కార్డును కేవలం ఫ్రేముల లెక్క చూసి కొంటున్నాం.

కాలేజీలకు ఇందులో ఒక చక్కటి ప్రయోగం ఉంది. ఇంటర్ నుంచి ఇంజినీరింగ్ దాకా విద్యార్థులు ఓమ్ నియమాన్ని, కరెంటు వల్ల పుట్టే వేడిని పుస్తకంలో చదువుతారు. ఒక పాత గ్రాఫిక్స్ కార్డు, ఒక వాట్‌మీటరు, ఒక థర్మామీటరు చాలు. వోల్టేజీ దించుతూ వాట్లను గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే వర్గ సూత్రం వాళ్ల చేతిరాతలోనే కనబడుతుంది. దేశంలో కృత్రిమ మేధ కోసం వేల గ్రాఫిక్స్ ప్రాసెసర్లను సమకూర్చుకుంటున్న ఈ రోజుల్లో, ఒక్కో లెక్కకు ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో చూసే అలవాటు విద్యార్థి దశలోనే పడాలి. రేపు డేటా సెంటర్లు నడపవలసింది వాళ్లే. ఇవాళ ఒక్క కార్డు మీద 66 వాట్లు మిగల్చడం నేర్చినవాడు రేపు పదివేల కార్డుల మీద ఆలోచిస్తాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా ముందే మేలుకోవడం మంచిది. ఈ వేసవిలో మీ గ్రాఫిక్స్ కార్డు రొద పెడుతూ వేడి చిమ్ముతుంటే వోల్టేజీ మీట దగ్గరికి తప్పకుండా వెళ్లండి. అయితే దాన్ని ఎడమవైపు జరపండి.